పట్టుబడ్డ గంజాయి మందు ఎందుకు కాలేదు? ఉద్దానం కిడ్నీ రోగుల కుటుంబాలు తెలుసుకోవాల్సిన లెక్క

2022 ఫిబ్రవరి 12న అప్పటి విశాఖ జిల్లా అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు 2 లక్షల కిలోలకు పైగా గంజాయిని తగలబెట్టారు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు అడవుల నుంచి వచ్చి, దారిలో పట్టుబడ్డ సరుకు అది. అప్పటి నుంచి ఒక ప్రశ్న జనంలో తిరుగుతూనే ఉంది. 'బయటి దేశాల్లో దీన్ని మందుగా అమ్ముతున్నారంట కదా. ఇంత సరుకు కాల్చి బూడిద చేసే బదులు ఆసుపత్రులకి ఇవ్వొచ్చు కదా?'

పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం వైపు ఈ ప్రశ్న ఊరికే మాట్లాడుకునేది కాదు. ఒకటి, ఒడిశా కొండల నుంచి దిగే సరుకుకి పదహారో నంబరు జాతీయ రహదారి, హౌరా-చెన్నై రైలు మార్గం రెండూ మన ఊళ్ల మీదుగానే దారి. రెండు, ఉద్దానం కిడ్నీ జబ్బు. డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి ఉన్న ఇంట్లో నొప్పి, దురద, నిద్ర లేకపోవడం రోజూ ఉండే బాధలు. అలాంటి ఇంటికి ఎవరో 'గంజాయి ఆకు నూనె, అన్ని నొప్పులకీ పనిచేస్తుంది' అని ఫోన్‌లో మెసేజ్ పంపితే, దాన్ని పట్టించుకోకుండా ఉండటం అంత సులువు కాదు.

అందుకే ఈ విషయాన్ని మత్తు, నేరం అనే వైపు నుంచి కాకుండా నాణ్యత అనే వైపు నుంచి చూద్దాం. ఒక మొక్క మందు కావాలంటే ఏం జరగాలి? పెద్ద ఎత్తున పండిస్తే నాణ్యత పెరుగుతుందా, తగ్గుతుందా? ప్రభుత్వం నియమాలు పెడితే సరుకు బాగుపడుతుందా?

చట్టంలో ఏముంది

మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయిని పూర్తిగా మూసేసిందని చాలామంది అనుకుంటారు. చట్టం సెక్షన్ 8 సాగునీ, అమ్మకాన్నీ, రవాణానీ నిషేధిస్తూనే వైద్య, శాస్త్ర అవసరాలకి మినహాయింపు ఉంచింది. సెక్షన్ 10 కింద సాగుకి అనుమతి ఇచ్చి నియంత్రించే అధికారం రాష్ట్రాలకి ఉంది. నార, విత్తనాల కోసం సాగు చేసే వీలు సెక్షన్ 14లో ఉంది. గంజాయి మొక్క నుంచి తీసిన సారాన్ని 'మెడిసినల్ కానబిస్' అని చట్టమే పేరు పెట్టి, తయారైన మత్తు మందుల జాబితాలో పెట్టింది. అంటే తలుపు ఉంది, తాళం రాష్ట్రం చేతిలో ఉంది.

ఆ తాళాన్ని కొన్ని రాష్ట్రాలు కొద్దిగా తిప్పాయి. ఉత్తరాఖండ్ 2018లో మత్తు పదార్థం 0.3 శాతం లోపు ఉండే రకాల సాగుకి లైసెన్సులు మొదలుపెట్టింది. హిమాచల్ అసెంబ్లీ 2024 సెప్టెంబరులో నియంత్రిత సాగుకి అనుకూలంగా తీర్మానం చేసింది. జమ్మూలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్-ఐఐఐఎం మందు కోసమే ఈ మొక్క మీద పని చేస్తోంది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్య సమితి మాదక ద్రవ్యాల కమిషన్‌లో గంజాయిని అత్యంత కఠినమైన జాబితా నుంచి తీసేసే తీర్మానం 27-25 ఓట్లతో నెగ్గింది. అనుకూలంగా ఓటు వేసిన దేశాల్లో మనదీ ఉంది.

ఆంధ్రప్రదేశ్ దారి వేరు. 2021లో 'ఆపరేషన్ పరివర్తన'తో ఏజెన్సీలో తోటలు నరికించింది. 2024 నవంబరులో 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం పెట్టింది. మన దగ్గర పరిస్థితి చూస్తే ఆ కఠినత్వానికి కారణం అర్థమవుతుంది. కానీ మిగతా రాష్ట్రాలు ముందుకు వెళ్తే రేపు ఇక్కడా ఈ చర్చ వస్తుంది. వచ్చేలోపు మనం లెక్క తెలుసుకుని ఉండాలి.

థాయ్‌లాండ్‌లో చేసి చూశారు

పట్టుబడ్డ సరుకుని మందు చెయ్యొచ్చు కదా అన్న ప్రశ్నకి జవాబు ఊహించుకోనక్కర్లేదు. థాయ్‌లాండ్‌లో చేసి చూశారు. 2018లో అక్కడి పోలీసులు తాము పట్టుకున్న గంజాయిలో సుమారు 100 కిలోలు ప్రభుత్వ మందుల తయారీ సంస్థకి ఇచ్చారు. సంస్థ పరీక్షిస్తే అందులో పురుగుమందులు, భారీ లోహాలు తేలాయి. మందుకి పనికిరాదని పక్కన పెట్టి, సంస్థ తన సొంత గదుల్లో మొక్కలు పెంచుకుంది.

ఇందులో వింత లేదు. దొంగచాటుగా పండించేవాడికి కావాల్సింది రెండే: మత్తు, బరువు. పురుగు పడితే చేతికి దొరికిన మందు కొడతాడు. తడి సరుకుని కుక్కి మూటలు కడతాడు, బూజు పడుతుంది. మన వైపు 'శీలావతి' అని పేరు చెప్పి అమ్మే సరుకులో మత్తు ఎంత ఉందో పండించినవాడికే తెలియదు, కొన్నవాడికి అసలే తెలియదు.

పైగా ఈ మొక్కకి ఇంకో గుణం ఉంది. నేలలో ఉన్న కాడ్మియం, సీసం లాంటి లోహాలని వేళ్ల ద్వారా బాగా పీల్చుకుంటుంది. విషపు నేలల్ని శుభ్రం చేయడానికి దీన్ని వాడొచ్చని పరిశోధనలు జరిగాయంటే, ఎంత పీలుస్తుందో అర్థం చేసుకోవచ్చు. కాడ్మియం ఒంట్లోకి వెళ్తే చేరేది ఎక్కువగా కిడ్నీల్లోకే. ఏళ్ల తరబడి అక్కడే ఉండి కిడ్నీని పాడు చేస్తుంది. ఆకు నుంచి నూనె తీసినప్పుడు మందు గుణం చిక్కబడినట్టే పురుగుమందుల అవశేషాలూ చిక్కబడతాయి.

ఉద్దానంలో ఇంతకంటే ముఖ్యమైన విషయం ఏముంటుంది? మిగతా చోట్ల నాణ్యత లేని నూనె అంటే డబ్బు దండగ. ఇక్కడ అది సగం పనిచేస్తున్న కిడ్నీ మీద ఇంకో దెబ్బ.

పెద్ద సాగు, చిన్న సాగు: ఖర్చు లెక్క

ఇప్పుడు విస్తీర్ణం సంగతికి వద్దాం. మందుకి కావాల్సింది ప్రతి డోసూ ఒకేలా ఉండటం. పారాసెటమాల్ మాత్ర ఈరోజు 500 మిల్లీగ్రాములు, రేపు 200, ఎల్లుండి 900 ఉంటే దాన్ని ఎవరైనా మందు అంటారా? కానీ మొక్క అలాగే ఉంటుంది. విత్తనం, ఎండ, నీరు, కోసిన రోజు, ఆరబెట్టిన తీరు, ఏది మారినా లోపలి పదార్థం మారుతుంది.

దీన్ని అదుపు చేయడానికి మూసిన గదులు, ఒకే తల్లి మొక్క నుంచి తీసిన అంట్లు, ప్రతి బ్యాచ్‌కీ ల్యాబ్ పరీక్ష కావాలి. ఇవన్నీ ఖర్చులే. లెక్క కోసం ఒక బ్యాచ్ పరీక్షకి 20,000 రూపాయలు అనుకుందాం. 10 కిలోల బ్యాచ్ తీసే రైతుకి కిలోకి 2,000 పడుతుంది. 500 కిలోలు తీసే కంపెనీకి కిలోకి 40 రూపాయలే. కాబట్టి పరీక్ష తప్పనిసరి చేసిన చోట చిన్నవాడు నిలబడలేడు. విస్తీర్ణం నాణ్యతకి తోడ్పడుతుందనే మాటకి ఆధారం ఇదే.

బ్రిటన్‌లో జీడబ్ల్యూ ఫార్మా కంపెనీ మూర్ఛ మందు 'ఎపిడియోలెక్స్' కోసం చేసింది ఇదే. నార్ఫోక్‌లో ఒకప్పుడు టమాటాలు పండించిన సుమారు 45 ఎకరాల గాజు తోటలో ఒకే రకం మొక్కలు పెంచారు. అందులోంచి సీబీడీ అనే మత్తు లేని పదార్థాన్ని శుద్ధి చేసి తీశారు. పిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛ జబ్బుల మీద క్లినికల్ పరీక్షలు జరిగాక 2018 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

కానీ అదే లెక్కని తిప్పి చూడండి. 10 కిలోల బ్యాచ్ పరీక్షలో పోతే నష్టం 10 కిలోలు. 500 కిలోలది పోతే కంపెనీ త్రైమాసిక ఫలితాలే తారుమారు. తప్పు దాచాలన్న ఒత్తిడి కూడా విస్తీర్ణంతోపాటే పెరుగుతుంది. కెనడాలో జరిగింది ఇదే.

కెనడాలో మొదట ఒకే సరఫరాదారు ఉండేవాడు. ఫ్లిన్ ఫ్లాన్ అనే ఊళ్లో పాత గనిలో ప్రభుత్వం కోసం పండించేవారు. నాణ్యత బాగోలేదని రోగులు ఫిర్యాదు చేసేవారు. 2014 నుంచి లైసెన్సు కంపెనీలకి తలుపు తెరిచి, ఇంట్లో పెంచుకోవడాన్ని ఆపాలని చూశారు. పెద్ద కంపెనీలు, కెమెరాలు, ఖజానా గదులు, అన్నీ వచ్చాయి. 2016 చివర, 2017 మొదట్లో మెట్రమ్, ఆర్గానిగ్రామ్ కంపెనీల సరుకుని వెనక్కి రప్పించాల్సి వచ్చింది. వాడకూడని మైక్లోబ్యుటానిల్ అనే బూజు మందు అందులో దొరికింది. అది కాలితే హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. రోగులు పీల్చే సరుకు అది. ఇంత కట్టుదిట్టంలో అది ఎలా దూరింది? అప్పటి నియమాల్లో పురుగుమందుల పరీక్ష తప్పనిసరి కాదు. సరుకు దొంగతనం కాకుండా కాపలా ఉంది, లోపల ఏముందో చూసే కన్ను లేదు. 2019 జనవరి నుంచి గానీ ఆ పరీక్ష తప్పనిసరి కాలేదు. అదే ఏడాది స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన కాన్‌ట్రస్ట్ అనే పెద్ద కంపెనీ లైసెన్సు లేని గదుల్లో మొక్కలు పెంచుతూ దొరికిపోయింది.

కాబట్టి పెద్దదైతే మంచిదనీ చెప్పలేం, చిన్నదైతే స్వచ్ఛమనీ చెప్పలేం. నియంత్రణ ఉంటే చాలనీ చెప్పలేం. నియంత్రణ దేన్ని కొలుస్తోంది అన్నదే అసలు ప్రశ్న.

కొనేవాడే పరీక్షిస్తే

నెదర్లాండ్స్ ఇంకో దారి చూపించింది. 2003 నుంచి అక్కడ డాక్టరు చీటీ మీద ఫార్మసీల్లో గంజాయి దొరుకుతుంది. పండించేది అనుమతి ఉన్న సంస్థ, కానీ పంటంతా కొనేది ప్రభుత్వ కార్యాలయం. పరీక్ష పాసైతేనే ఫార్మసీకి వెళ్తుంది. రోగులు మొదట్లో ధర ఎక్కువని గొణిగారు, కాఫీ షాపుల్లో చౌక కదా అన్నారు. ఆ కాఫీ షాపుల నమూనాలని ఫార్మసీ సరుకుతో పోల్చిన పరిశోధన 2006లో వచ్చింది. షాపుల సరుకులో బ్యాక్టీరియా, బూజు కనిపించాయి. ఫార్మసీది శుభ్రంగా ఉంది.

మనకీ ఇలాంటి అనుభవం ఉంది, నల్లమందులో. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో రైతులకి గ్వాలియర్‌లోని సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ లైసెన్సులు ఇస్తుంది. ఒక్కో మడి చిన్నదే, 0.10 హెక్టారు, మన లెక్కలో సుమారు 25 సెంట్లు. పండిన ప్రతి గ్రామూ ప్రభుత్వానికే ఇవ్వాలి. నీమచ్, ఘాజీపూర్ ఫ్యాక్టరీల్లో పరీక్ష చేస్తారు. హెక్టారుకి ఇంత మార్ఫిన్ రావాలని లెక్క కడతారు, రాకపోతే మరుసటి ఏడాది లైసెన్సుకి ముప్పు. ఇక్కడ రైతులు చిన్నవాళ్లు, వేలల్లో ఉన్నారు. అయినా వ్యవస్థ నడుస్తోంది. కారణం, కొనేవాడు ఒక్కడే, వాడే పరీక్షిస్తాడు.

ఇంకా పాత కథ కావాలంటే బెంగాల్‌లోని నౌగావ్ ఉంది. బ్రిటిష్ కాలంలో లైసెన్సు గంజాయి అక్కడ పండేది. మగ మొక్కలుంటే సరుకు చెడుతుందని, వాటిని ఏరి పీకేయడానికి అనుభవమున్న మనుషులు పొలాల్లో తిరిగేవారు. పంట సర్కారు గోదాముకి చేరేది. 1917లో రైతులు సహకార సంఘం కూడా పెట్టుకున్నారు. కానీ సర్కారు ధ్యాసంతా సుంకం మీద. రోగి కోసం పెట్టిన పరీక్ష అక్కడ లేదు.

పలాసలో జీడిపప్పు చూసినవాళ్లకి ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. డబ్ల్యూ-240 అంటే పౌనుకి సుమారు 240 గుండ్లు. ఆ గ్రేడు సైజు చెబుతుంది, గుండా బద్దా అన్నది చెబుతుంది. పప్పులో తేమ ఎంత, బూజు విషం ఉందా అన్నది ఆ నంబరు చెప్పదు. దానికి వేరే పరీక్ష ఉండాలి. గంజాయి విషయంలో కూడా ప్రభుత్వాలు ఎక్కువగా పెట్టింది సైజు లాంటి కొలతలే: ఎన్ని మొక్కలు, ఎన్ని కిలోలు, మత్తు ఎంత శాతం. ఉత్తరాఖండ్ 0.3 శాతం నియమం కూడా మత్తుని కొలుస్తుంది. కాడ్మియాన్ని కొలవదు.

థాయ్‌లాండ్ కథలో రెండో భాగం కూడా చూడాలి. మందుల సంస్థ అంత జాగ్రత్తగా మొదలుపెట్టినా, 2022 జూన్‌లో ప్రభుత్వం గంజాయిని మత్తు పదార్థాల జాబితా నుంచే తీసేసింది. ఊరూరా షాపులు వచ్చాయి. 2025 జూన్‌లో మళ్లీ డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నియమం పెట్టాల్సి వచ్చింది. మందు పేరుతో తెరిచిన తలుపులోంచి బజారు దూరిపోయింది.

ఉద్దానం ఇళ్లకి దీంతో ఏం పని

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బుకి ఖచ్చితమైన కారణం ఇదీ అని తేలలేదు. నీరు, ఎండలో పని, నొప్పి మాత్రల వాడకం, ఇలా చాలా కారణాల మీద పరిశోధనలు జరిగాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అదే రోజు హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకాన్నీ ప్రారంభించారు. కారణం తెలియని జబ్బు ఉన్న చోట ఏది ఒంట్లోకి వెళ్తోందో మిగతావాళ్ల కంటే ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఆయుర్వేదంలో 'విజయ' పేరుతో గంజాయి ఆకుతో చేసిన మందులు లైసెన్సు మీద అమ్ముతున్నారు. యునానీ గ్రంథాల్లోనూ భంగ్ ప్రస్తావన ఉంది. ఔషధ చట్టం షెడ్యూల్ ఇ-1 లో దీన్ని విషపూరిత పదార్థాల జాబితాలో పెట్టారు. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని లేబుల్ మీద రాయాలి. ఆ ఒక్క వాక్యాన్ని మనవాళ్లు చదవరు. 'ఆకు మందే కదా, సైడ్ ఎఫెక్ట్ ఉండదు' అనుకుంటారు.

ఒక ఉదాహరణ చాలు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు టాక్రోలిమస్ అనే మందు వాడతారు. సీబీడీ వాడితే రక్తంలో ఈ టాక్రోలిమస్ మోతాదు బాగా పెరిగిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మోతాదు పెరిగితే, అప్పులు చేసి, అమ్మో అన్నో ఇచ్చిన కిడ్నీ దెబ్బతింటుంది. ఇది కల్తీ లేని, స్వచ్ఛమైన సీబీడీతో వచ్చే ప్రమాదం. కల్తీ నూనె సంగతి ఇక చెప్పక్కర్లేదు.

దీన్ వైపు నుంచి అడిగేవాళ్లూ ఉంటారు. మత్తు కలిగించేది హరామ్, అందులో రెండో మాట లేదు. వేరే దారి లేని జబ్బులో, నమ్మకమైన వైద్యుడు తప్పదని చెప్పినప్పుడు మజ్బూరీ కింద అనుమతి గురించి ఉలమాలు చర్చించారు. కానీ ఆ చర్చలో కూడా 'నమ్మకమైన వైద్యుడు', 'వేరే దారి లేకపోవడం' అనే రెండు షరతులు ఉన్నాయి. వాట్సాప్ మెసేజ్ ఆ రెండింటిలో ఏదీ కాదు. మీ ఇంట్లో అలాంటి పరిస్థితి నిజంగా వస్తే ముందు నెఫ్రాలజీ డాక్టర్‌ని, తర్వాత మీ ముఫ్తీ సాబ్‌ని అడగండి. క్రమం అదే ఉండాలి.

అడగాల్సినవి

ఎవరైనా ఇలాంటి నూనె తెచ్చి అమ్మితే నాలుగు ప్రశ్నలు వేయండి. తయారీ లైసెన్సు నంబరు ఎక్కడుంది? ఈ బ్యాచ్‌కి ల్యాబ్ రిపోర్టు ఉందా? అందులో లోహాలు, పురుగుమందులు, బూజు చూశారా? డయాలసిస్ రోగికి ఎంత ఇవ్వాలో రాసిన డాక్టరు ఎవరు? నాలుగింటికీ జవాబు రాకపోతే సీసా వెనక్కి ఇచ్చేయండి. ఇప్పటికే వాడుతుంటే దాచకండి. టెక్కలిలో అయినా పలాసలో అయినా డయాలసిస్ సెంటర్‌కి వెళ్లినప్పుడు సీసా చూపించండి. డాక్టరు తిడతారని దాచిన మందే ఎక్కువ హాని చేస్తుంది.

పిల్లలకి కూడా ఒక మాట చెప్పాలి. 'మందే కదా, అక్కడ లీగలే కదా' అని బ్యాగు మోసే కుర్రాడికి కోర్టులో ఆ మాట పనికిరాదు. 20 కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల జైలు. ఈగల్ విభాగం ఫోన్ నంబరు 1972, సమాచారం ఇవ్వడానికి అది వాడొచ్చు.

ఇక రాష్ట్రంలో ఎప్పుడైనా లైసెన్సు సాగు మాట వస్తే, ఎకరాలు ఎన్ని, పెట్టుబడి ఎంత, ఉద్యోగాలు ఎన్ని అన్న ప్రకటనలే ముందు వినిపిస్తాయి. మనం అడగాల్సింది వేరే. పంట మొత్తం కొనేది ఎవరు? పరీక్షించే ల్యాబ్ పండించేవాడి చేతిలో ఉందా, వేరేగా ఉందా? ఫెయిలైన బ్యాచ్ వివరాలు జనానికి చెబుతారా? పరీక్ష ఖర్చు చిన్న రైతు మీద పడుతుందా, సర్కారు భరిస్తుందా? ఈ జవాబులు లైసెన్సు కంటే ముందు రావాలి. కెనడాలో అవి లైసెన్సుల తర్వాత వచ్చాయి, మధ్యలో విషం పీల్చింది రోగులు. ఉద్దానంలో రోగుల కిడ్నీలకి అలాంటి ప్రయోగాన్ని తట్టుకునే శక్తి లేదు.